ముత్యాల గర్భం

వైద్యులు వాడే మాటల్లో చెవికి ఇంపైనవి బహు తక్కువ. ఉన్న కొద్దిపాటి వాటిలో 'ముత్యాల గర్భం' ఒకటి. మొదటిసారి విన్నవారెవరైనా అదేదో నోముల పంట అనుకుంటారు. తీరా చూస్తే అది గర్భం కాని గర్భం. గర్భసంచిలో శిశువు ఉండదు. శిశువును పోషించడానికి పుట్టవలసిన మాయ మాత్రం తన పని మరచి, నీటిబుడగల గుత్తులుగా పెరుగుతూ పోతుంది. కొన్ని బుడగలు ఆవగింజంత, కొన్ని ద్రాక్షపండంత. ఉడికిన సగ్గుబియ్యంలా మెరిసే ఆ బుడగలను చూసి ముత్యాలని పేరు పెట్టినవారెవరో గాని, వారి కంటిలో కవిత్వం ఉంది. గ్రీకు భాషలో నీటిబొట్టుకున్న పేరు మీదుగా పాశ్చాత్యులు దీనిని హైడాటిడిఫార్మ్ మోల్ అన్నారు. మన మాటే నయం.

ఈ ప్రస్తావన రాగానే గాంధారిని తలచుకునేవారున్నారు. రెండేళ్ళు మోసి చివరకు మాంసపు ముద్దను ప్రసవించిన ఆ తల్లిది ముత్యాల గర్భమే అయి ఉంటుందని వారి వాదం. హాలండులోనూ ఇటువంటి కథ ఒకటుంది. హెన్నెబర్గ్ ప్రభుపత్ని 1276లో ఒకే కాన్పులో 365 మంది బిడ్డలను కన్నదట. ఆ బిడ్డలు నీటిబుడగలేనని వైద్య చరిత్ర రాసినవారు కొందరు ఊహించారు. ఈ రెండో ఊహ నాకు నచ్చుతుంది, మొదటిది నచ్చదు. పురాణంలో వైద్యాన్ని వెదకడం మొదలుపెడితే పురాణమూ మిగలదు, వైద్యమూ మిగలదు. పైగా గాంధారి ముద్దలోంచి నూట ఒక్కరు లేచి వచ్చారు. ముత్యాల గర్భంలోంచి ఎవరూ రారు.

ఇది ఆడవారి సంగతి, నీకెందుకని అడిగేవారికి ముందే ఒక మాట. మా అప్ప అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఉత్తరాంధ్రలో అక్కను మేము అప్ప అంటాము. ఈమె మా పెద్దమ్మ కూతురు. "ఊరి పేరు రాసుకో గాని నా పేరు రాయొద్దు" అన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు.

ఆ ఊరు భోగాపురం. ఈనాడు ఆ పేరు చెబితే అందరికీ విమానాశ్రయమే గుర్తుకు వస్తుంది. 2019లో ఒకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపన జరుపుకున్న అదృష్టం ఎన్ని విమానాశ్రయాలకు ఉంటుంది? నేను చెబుతున్నది 1996 నాటి మాట. అప్పటికి భోగాపురం అంటే మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పెద్దరోడ్డు, దానికి సముద్రం వైపున కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటలు, ఆ పైన ముక్కాం, చేపలకంచేరు వంటి మత్స్యకారుల ఊళ్ళు. అప్పను ఇచ్చిన ఇంటివారికి కొద్దిపాటి కొబ్బరితోట ఉండేది. బావ కాయల వ్యాపారం చేసేవాడు.

అప్పకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాలుగేళ్ళ కూతురు ఉంది. రెండోసారి నెల తప్పి మూడు నెలలు నిండేసరికి కడుపు అయిదో నెల కడుపులా కనిపించడం మొదలైంది. వాంతులు ఆగలేదు. మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. అత్తగారు మాత్రం మురిసిపోయింది. "కవలలే. ఇద్దరూ గుంటలే అవుతారో, గుంటలమ్మ దయవల్ల గుంటడు ఒకడైనా ఉంటాడో" అని ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. నాలుగో నెలలో నల్లటి రక్తం కనిపించింది.

దగ్గరి పట్నంలో ఒక నర్సింగు హోముకు తీసుకువెళ్ళారు. స్కానింగు చేశారు. ముత్యాల గర్భాన్ని స్కానింగులో చూసినప్పుడు మంచు తుఫానులా ఉంటుందని వైద్య గ్రంథాల్లో ఉపమానం. మంచు కురవడమన్నది ఎన్నడూ ఎరుగని మా ప్రాంతంలో ఆ పోలిక ఎవరికి తెలుస్తుంది? శిశువు లేదనీ, గుండె కొట్టుకోవడం లేదనీ మాత్రం తెలిసింది. అంతవరకు బాగానే ఉంది. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు బత్తాయికాయలంత పెరిగి, లోపల గదులు గదులుగా నీటి తిత్తులు కనిపించాయి. అక్కడివారు దానిని చూసి, లోపల అంతా గడ్డలే ఉన్నాయి, గర్భసంచీ రెండు అండాశయాలూ కలిపి తీసేద్దాం, రేపే ఆపరేషన్ అన్నారు. ఇరవై నాలుగేళ్ళ మనిషికి. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు.

బావ ఆ రాత్రి ఎస్టీడీ బూతు నుంచి నాకు ఫోను చేశాడు. నేను అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నాకు వైద్యం తెలియదు గాని, హాస్టలు మిత్రుడొకడి అన్నయ్య వైద్య కళాశాలలో చదువుతుండేవాడు. అతను విని, "కొయ్యనివ్వకండి, ఇక్కడికి తీసుకురండి" అన్నాడు. మరునాడు పొద్దున్నే తగరపువలస, ఆనందపురం, మధురవాడ మీదుగా బస్సులో పడుకోబెట్టి తెచ్చారు. విశాఖవాసులు పెద్దాసుపత్రి అని పిలుచుకునే కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నాటిది. దాని మెట్లెక్కని ఇల్లు ఉత్తరాంధ్రలో ఉండదు.

అక్కడి డాక్టరమ్మ గారు పెద్దావిడ. నర్సింగు హోము కాగితాలను పక్కన పెట్టి అప్ప పొట్ట మీద చేయి వేసి చాలాసేపు చూశారు. తరువాత బావతో చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "అండాశయాల్లో ఉన్నవి గడ్డలు కావు బాబూ, నీటితిత్తులు. వాటిని ఎవరూ ముట్టుకోనక్కరలేదు. కడుపు ఖాళీ చేస్తే అవే కరిగిపోతాయి."

అదెలాగో తరువాతి రోజుల్లో చదివి తెలుసుకున్నాను. మాయలోని కణాలు హెచ్‌సీజీ అనే హార్మోనును తయారుచేస్తాయి. నెల తప్పిందో లేదో తెలుసుకోవడానికి మూత్రంలో చూసేది దీనినే. ముత్యాల గర్భంలో మాయ విచ్చలవిడిగా పెరుగుతుంది కనుక హార్మోను కూడా లక్షల్లోకి పోతుంది. వాంతులు అందుకే. అండాశయాలను అది అదేపనిగా ప్రేరేపించడం వల్లనే నీటితిత్తులు. దాని నిర్మాణానికి థైరాయిడ్ గ్రంథిని నడిపించే మరో హార్మోనుతో పోలిక ఉండటం వల్ల గుండెదడ, చేతుల వణుకు కూడా కొందరిలో కనిపిస్తాయి. మత్తు ఇవ్వడానికి ముందు థైరాయిడ్ పరీక్ష చేయడం అందుకే. లక్షణాలు నాలుగు, మూలం ఒక్కటి. మూలాన్ని తీసేస్తే మిగిలినవి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఆ తిత్తి మెలిపడితేనో, పగిలి రక్తం కారితేనో తప్ప కత్తి అవసరం రాదు.

రెండు సీసాల రక్తం సిద్ధంగా పెట్టుకుని (అందులో ఒకటి నాది), గొట్టం ద్వారా పీల్చి గర్భసంచిని ఖాళీ చేశారు. తీసినదాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకు పంపారు. మూడో రోజున ఇంటికి పంపుతూ డాక్టరమ్మ గారు అసలు సంగతి చెప్పారు. "ఇంతటితో అయిపోలేదమ్మా. ప్రతి వారం వచ్చి రక్తం ఇవ్వాలి. అంకె పూర్తిగా దిగాక కూడా నెలనెలా రావాలి. ఇంకో కడుపు ఇప్పట్లో రాకూడదు."

ఇక్కడినుంచే కష్టం మొదలైంది. జబ్బు చేసిన మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి మా ఊళ్ళలో ఎవరూ వెనుకాడరు. తోట తాకట్టు పెట్టి అయినా తీసుకువెళ్తారు. జబ్బు లేని మనిషిని తీసుకువెళ్ళమంటేనే చిక్కు. అప్ప తిని తిరుగుతోంది. రక్తస్రావం ఆగింది. ముఖం తేటపడింది. ప్రతి మంగళవారం పనులు మాని, పోను గంటన్నర రాను గంటన్నర బస్సులో వేలాడి, ఒక గొట్టం రక్తం ఇచ్చి రావడానికి కారణమేమిటో ఆ ఇంట్లో ఎవరికి బోధపడుతుంది? "ఒలే, ఒంట్లో బాగున్నదాన్ని ఆసుపత్రి చుట్టూ తిప్పితే నేని రోగం వస్తాది" అనేది అత్తగారు. "ఇంకో కడుపొస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అని ఇంకొక బంధువు సలహా.

ఆ సలహాలోనే అపాయం ఉంది. ముత్యాల గర్భాన్ని తీసివేసిన తరువాత నూటికి పదిహేను, ఇరవై మందిలో ఆ కణాలు గర్భసంచి గోడలో మిగిలిపోయి మళ్ళీ పెరుగుతాయి. కొందరిలో అది కోరియోకార్సినోమా అనే క్యాన్సరుగా మారి, రక్తంలో పడి ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకుతుంది. అది మొదలైనప్పుడు బయటకు ఏ గుర్తూ ఉండకపోవచ్చు. రక్తంలోని అంకె ఒక్కటే చెబుతుంది. ఈలోగా కొత్త గర్భం వస్తే దాని హార్మోను కూడా అదే కనుక అంకెను చదవడం అసాధ్యమవుతుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకోమన్నది అందుకు.

ఇంతకంటే బాధ పెట్టినది మరొకటి. ఊళ్ళో చాటుగా మాటలు మొదలయ్యాయి. దాని కడుపులో దోషముందనీ, గ్రహణం నాడు కత్తిపీట పట్టిందనీ, ముక్కాం దారిలో మిట్టమధ్యాహ్నం సరుగుడు తోటలో నడిచిందనీ. అప్ప వినీ విననట్టు ఉండేది. ఒకరోజు బస్సులో మాత్రం అడిగింది. "తమ్ముడూ, కడుపులో బిడ్డే నేకపోతే కడుపెలా పెరిగిందంటావు? నానేటి పాపం చేసేను?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. జవాబు ప్రపంచంలో ఉండనే ఉంది. 1977లో జపాను శాస్త్రవేత్తలు కజీ, ఒహామా ముత్యాల గర్భంలోని క్రోమోజోములను పరిశీలించి, అవన్నీ తండ్రివైపు నుంచి వచ్చినవేనని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. సాధారణంగా జరిగేది ఇది: తల్లి క్రోమోజోములు లేని అండంలోకి ఒక శుక్రకణం ప్రవేశించి తన క్రోమోజోములనే రెట్టింపు చేసుకుంటుంది. లెక్కకు నలభై ఆరూ ఉంటాయి గాని, తల్లివి ఒక్కటీ ఉండవు. బిడ్డ రూపొందడానికి ఇద్దరి పాలూ కావాలి. తండ్రి పాలు ఒక్కటే ఉన్నప్పుడు మాయ పెరుగుతుంది, బిడ్డ ఏర్పడదు. అంటే తల్లిని ఆడిపోసుకుంటున్న ఆ ముద్దలో తల్లిదంటూ ఏమీ లేదన్నమాట. తండ్రి తప్పు కూడా కాదు, అది యాదృచ్ఛికం. కొన్ని కుటుంబాల్లో మాత్రం తల్లి జన్యువుల్లో లోపం వల్ల మళ్ళీ మళ్ళీ వస్తుంది, అవి చాలా అరుదు. పాక్షిక ముత్యాల గర్భమని మరో రకం ఉంది. అందులో ఒక అండాన్ని రెండు శుక్రకణాలు చేరుతాయి, పిండం ఆనవాళ్ళు కూడా ఉంటాయి, క్యాన్సరు ముప్పు బాగా తక్కువ. ఇదంతా అప్పకు చెప్పగలిగింది పదేళ్ళ తరువాత. విని, "అప్పుడు సెప్పుంటే మా అత్తకి సెప్పుదును గదా" అంది. అత్తగారు అప్పటికి కాలం చేసింది.

బావ సంగతి చెప్పాలి. చదువు ఏడో తరగతి. డాక్టరమ్మ గారి మాట ఎందుకు నమ్మాడో నాకు తెలియదు గాని, గట్టిగా నమ్మాడు. కాయల లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకంలో వారం వారం అంకె రాసుకునేవాడు. లక్షలు వేలయ్యాయి, వేలు వందలయ్యాయి. అయిదో వారానికి బస్సులో అప్ప మొహంలో నవ్వు కూడా చూశాను. ఆ తరువాత అంకె దిగడం మానింది. మూడు వారాలపాటు, నాలుగు పరీక్షల్లో, దాదాపు ఒకేచోట నిలబడింది. "సరుకు అమ్ముడవక కొట్లో ఉండిపోయినట్టుంది" అన్నాడు బావ. సరిగ్గా అదే. నేటికీ రోగాన్ని నిర్ధారించే నియమం ఇదే: మూడు వారాల వ్యవధిలో నాలుగు అంకెలు కదలకపోయినా, రెండు వారాల వ్యవధిలో వరుసగా మూడు పెరిగినా మందు మొదలుపెట్టాలి. ముక్క కోసి పరీక్షించనక్కరలేదు. పైగా ఈ కణితుల్లో రక్తనాళాలు అతి దట్టంగా ఉంటాయి కనుక కోయడమే ప్రమాదం. ముక్క కోసి చూడకుండా కేవలం ఒక అంకెను బట్టి చికిత్స మొదలుపెట్టే క్యాన్సర్లు చాలా అరుదు.

అంకెను నమ్మిన మొదటి వైద్యుడికి జరిగిన మర్యాద ఏమిటో కూడా చెప్పుకోవాలి. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మిన్ చియు లీ అనే చైనీయ వైద్యుడు, రాయ్ హెర్ట్జ్‌తో కలిసి, ఊపిరితిత్తులకు పాకిన కోరియోకార్సినోమా రోగులకు మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చాడు. అంతవరకు అటువంటి వారికి మరణమే గతి. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి. అందరూ సంతోషించారు. లీ మాత్రం ఆగలేదు. హార్మోను ఇంకా కనిపిస్తోంది కనుక అది పూర్తిగా పోయేవరకు మందు ఇస్తూనే ఉన్నాడు. బాగుపడిన మనిషికి విషం ఎక్కిస్తున్నాడని పైవారు ఆగ్రహించారు. 1957లో అతను ఆ ఉద్యోగం నుంచి బయటకు పోవలసి వచ్చింది. తరువాత తేలిందేమిటంటే, గడ్డ మాయం కాగానే మందు ఆపినవారిలో రోగం తిరగబెట్టింది, లీ చివరిదాకా ఇచ్చినవారిలో తిరగబెట్టలేదు. 1972లో లీకి, హెర్ట్జ్‌కు లాస్కర్ పురస్కారం ఇచ్చారు. అప్ప అత్తగారి వాదనకూ ఆ పెద్దల వాదనకూ తేడా నాకు కనిపించదు. కంటికి కనిపించని రోగానికి మందెందుకన్నదే ఇద్దరి ప్రశ్న.

ఆ మెథోట్రెక్సేట్ మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాలది. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా చేరి, లెడర్లే సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతి అయిన మనిషి. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆ వ్యాధిలో పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. దానికి పోలిక ఉండి, దాని పని జరగనివ్వని పదార్థాలనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టనులో పసిపిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా అణచగలిగాడు. ఆ ఫలితాలు 1948 జూనులో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఒక గడ్డ క్యాన్సరు పూర్తిగా మందుతోనే నయం కావడం దానితోనే మొదలైందన్న సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది.

అప్పకు ఒకటో రోజు, మూడో రోజు, అయిదో రోజు, ఏడో రోజు మెథోట్రెక్సేట్ సూది. మధ్య రోజుల్లో దాని విషం తగలకుండా ఫోలినిక్ ఆమ్లం. ఆపైన విరామం, రెండు వారాలకు మళ్ళీ మొదలు. ఆ ఎనిమిది రోజులు మధురవాడలో చుట్టాలింట ఉండేది. నోరంతా పూసింది. చలిది అన్నంలో మజ్జిగ పోసుకుని, ఉప్పు కూడా వేసుకోలేక, పిండి మింగినట్టు మింగేది. గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఫోలిక్ మాత్రలు ఇంట్లో మిగిలినవి ఉంటే, నీరసానికి మంచివని వేసుకోబోయింది. డాక్టరమ్మ గారు వద్దని కేకలేశారు. మందు ఏ పదార్థాన్ని అడ్డుకుంటుందో దానినే మింగితే ఎలా? మూడో విడతకు అంకె కొలతకు అందనంత కిందికి దిగింది. అయినా ఆపలేదు, ఇంకో రెండు విడతలు ఇచ్చారు. జుట్టు ఊడలేదు. గర్భసంచి, అండాశయాలు ఉన్నచోటనే ఉన్నాయి. బత్తాయికాయలంత తిత్తులు ఎప్పుడు కరిగిపోయాయో ఎవరూ గమనించనైనా లేదు.

ఇటువంటి తక్కువ ప్రమాదం ఉన్నవారిలో నేడు దాదాపు నూటికి నూరుమంది బతుకుతారు. ఒక మందు చాలకపోతే ఆక్టినోమైసిన్ ఇస్తారు. రోగం ముదిరి మెదడుకో కాలేయానికో పాకినవారికి అయిదు మందుల చికిత్స ఉంది, వారిలోనూ ఎక్కువమంది గట్టెక్కుతారు. ఏడాదిపాటు ఆగి, ఆ తరువాత బిడ్డను కనవచ్చు. అప్పకు 1999లో కాన్పు అయింది. ఆడపిల్ల. మళ్ళీ ముత్యాల గర్భం వచ్చే అవకాశం నూటికి ఒకటో రెండో పాళ్ళు ఉంటుంది కనుక మొదటి నెలల్లోనే స్కానింగు చేయించారు. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ రక్తం పరీక్షించారు. బావ ఆ అంకెను కూడా రాసుకున్నాడు.

ఇప్పుడు మా వైపు వసతులు పెరిగాయి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. విశాఖ శివారు అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్కానింగు తొలి నెలల్లోనే జరుగుతోంది కనుక, అప్పకు వచ్చినంత కడుపు రాకుండానే చాలామందిలో తెలిసిపోతోంది. ఇందులోనూ ఒక చిక్కుంది. అంత తొందరగా తీసినప్పుడు బుడగలు కంటికి ఆనవు, మామూలు గర్భస్రావంలాగే కనిపిస్తుంది. తీసినదాన్ని పరీక్షకు పంపకుండా పారేస్తే తెలిసే దారి లేదు. స్కానింగు లేకుండా మందుల షాపులో మాత్రలు కొని వేసుకునేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ క్యాన్సరు ముత్యాల గర్భం తరువాతే రావాలని లేదు, మామూలు గర్భస్రావం తరువాత, చక్కటి కాన్పు తరువాత కూడా రావచ్చు. కాన్పయ్యాక వారాల తరబడి రక్తస్రావం ఆగకపోయినా, కారణం తెలియని దగ్గులో రక్తం పడినా, ముందుగా చేయవలసింది కొద్దిపాటి రూపాయల మూత్ర పరీక్ష. దాన్ని గుర్తుచేయడానికి వైద్యుడే కానక్కరలేదు, చదువరులెవరైనా చాలు.

సుబ్బారావు గారి సంగతి అప్పకు 2019లో చెప్పాను. భోగాపురంలో వారి పెరట్లో కూర్చున్నాము. ఫోనులో ఆయన బొమ్మ చూపించాను. చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మనోడేనా?"

"భీమవరం."

"ఈ బాబుకి పిల్లలేటి?"

"ఒక కొడుకు. ఈయన అమెరికా వెళ్ళిపోయాక పుట్టి పసితనంలోనే పోయాడు. ఈయన చూడలేదు."

అప్ప చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఆ తల్లో?" అని అడిగింది.

ఆవిడ పేరు శేషగిరి అనీ, ఆయన మళ్ళీ తిరిగి రానేలేదనీ చెప్పాను.